బేరార్ లెక్కకు ఏర్గట్ల కళ్లంలో పంచాయితీ: ఎట్లా జరపాలి

మా ఊరు ఏర్గట్ల నుంచి ఉత్తరం పట్టి గోదావరి దాటి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పోతే పెన్‌గంగ వస్తుంది. ఒకప్పుడు ఆ నది ఇవతలి ఒడ్డు నైజాం ఏలుబడి, అవతలి ఒడ్డు బేరార్. అమరావతి, అకోలా, బుల్దానా, యవత్మాల్ అంతా నల్లరేగడి, అంతా పత్తి. కాగితం మీద రెండు ఒడ్డులూ నిజాంవే. అనుభవంలో మాత్రం 1853 నుంచి అవతలి ఒడ్డు ఇంగ్లీషువాళ్లది. బాకీ ఉందన్నారు, బాకీ కింద నేల పట్టుకున్నారు. అసలు ఆ బాకీ నిజమేనా అని రెండు పక్షాలకూ చెందనివాళ్లు కూర్చుని విచారించింది ఒక్కసారి కూడా లేదు. నిజాం అడిగాడు. వైస్రాయ్ కుదరదన్నాడు. 1926లో ఆ తలుపు మూసుకుంది.

బడిలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి, ఇప్పుడు రెండెకరాల పసుపు చేసుకుంటున్న నాకు ఆ తలుపు తెరిపించాలని ఉంది. బేరార్ ఎవరికీ తిరిగి రానక్కర్లేదు. అది మహారాష్ట్రలో ఉంది, చల్లగా ఉండనీయండి. లెక్క తేలాలి, అంతే. అంతర్జాతీయ విచారణ ఎట్లా జరపాలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. చదివాక నా సలహా ఒక్కటే: ఆ పద్ధతులను పక్కన పెట్టండి. పసుపు కుప్ప ముందు బేరం తెగే పద్ధతిలో, ఊరి పంచాయితీ నడిచే పద్ధతిలో నడపండి. పెద్ద చదువులవాళ్లు తల అడ్డంగా ఊపుతారు. వాళ్ల కోసం ఆగకండి.

పిలిచే అధికారం కోసం వెతకొద్దు

మొదటి పొరపాటు అందరూ ఇక్కడే చేస్తారు. ఏ కోర్టుకు పోవాలి, ఎవరికి పరిధి ఉంది అని మొదలుపెడతారు. మొదలుపెట్టిన చోటే ఆగిపోతారు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో దేశాలే వాది ప్రతివాదులు. హైదరాబాద్ ఇప్పుడు దేశం కాదు. ఇండియా పోదామన్నా కామన్వెల్త్ దేశాలతో తగాదాలు ఆ కోర్టు ముందుకు రావని మన ప్రభుత్వమే 1974లో రాసిచ్చింది. బ్రిటన్ అయితే 1987కు ముందటి సంగతులు ఎత్తొద్దని రాసిపెట్టుకుంది. ఇన్ని తాళాలు వేసిన ఇంటి ముందు నిలబడి తాళంచెవులు వెతకడం పనికిమాలిన పని.

కాబట్టి పిలుపు ఊరి నుంచే పోవాలి. మా ఆర్మూర్ ప్రాంతంలో ప్రతి ఊరికీ గ్రామాభివృద్ధి కమిటీ ఉంటుంది. దానికి ఏ చట్టం అధికారం ఇచ్చింది అని అడిగితే జవాబు లేదు. అయినా అది పిలిస్తే మనిషి వస్తాడు. ఆ కమిటీలు చేసిన తప్పులు నాకు తెలుసు. జరిమానాలు, వెలివేతలు చూసి బాధపడినవాడిని. ఆ పనులు మనకొద్దు. పిలిచే ధైర్యం ఒక్కటే అక్కడి నుంచి తీసుకోండి. తెల్లకాగితం మీద తెలుగులో రాసి, లండన్‌కు ఒకటి, ఢిల్లీకి ఒకటి, నిజాం వారసులకు ఒకటి, బేరార్ అమరావతికి ఒకటి రిజిస్టర్ పోస్టులో పంపండి. ఇంగ్లీషు అనువాదం జత చేయకండి. 1853లో వాళ్లు తెచ్చిన ఒప్పందం తెలంగాణ రైతుకూ, బేరార్ రైతుకూ అర్థమయ్యే భాషలో లేదు. ఈసారి అర్థం చేసుకునే కష్టం వాళ్లు పడాలి.

రాకపోతే? కుర్చీ వేసి ఉంచండి. ఖాళీ కుర్చీ కూడా ఒక వాంగ్మూలమే.

తలుపు లేని చోటు

హేగ్ వద్దు, జెనీవా వద్దు, హైదరాబాద్ కూడా వద్దు. విచారణ కళ్లంలో జరగాలి. ఫిబ్రవరి నెలలో, పసుపు ఉడకబెట్టి ఆరబోసిన రోజుల్లో జరగాలి.

దీనికి కారణం నా ఇంట్లోదే. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా వాగు పక్క చెలక కౌలు గొడవ ఒకటి వచ్చింది. ఊరి పెద్దమనిషి ఒకాయన మా నాయినను ఇంటికి పిలిచి, లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపేశాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. లోపల నుంచి గొంతు పెద్దగా వినిపించలేదు, చాయ్ గ్లాసుల చప్పుడు వినిపించింది. కొంచెంసేపటికి నాయిన బయటికి వచ్చాడు. ఎడమ బొటనవేలు నీలంగా ఉంది. ధోవతి అంచుకు దాన్ని రుద్దుకుంటూ నడిచాడు. "ఏమన్నరు నాయినా?" అంటే, "మంచిగనే మాట్లాడిండ్రు బిడ్డా" అన్నాడు. ఇంటిదాకా ఇంకో మాట లేదు. ఆ చెలక మళ్లీ మా చేతికి రాలేదు. కౌలు పైసలు మాత్రం ఏటా దీపావళికి వచ్చేవి, ఎన్నేళ్లయినా అంతే మొత్తం.

1902 మార్చి ఆఖర్లో వైస్రాయ్ కర్జన్ హైదరాబాద్ వచ్చాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌తో ఏకాంతంగా కూర్చుని మాట్లాడాడు. మంత్రులు గదిలో లేరు. అదే ఏడాది నవంబర్ 5న ఒప్పందం అయింది: ఏటా 25 లక్షలకు బేరార్ శాశ్వత కౌలు. మరుసటి ఏడాది బేరార్‌ను సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపేశారు. నిజాంకు జి.సి.బి. బిరుదు వచ్చింది. హైదరాబాద్ జనం ఆ మూడు అక్షరాలకు 'గేవ్ కర్జన్ బేరార్' అని అర్థం చెప్పుకున్నారు. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో తర్వాత ఏడో నిజాం ఒక రకంగా రాశాడు, ప్రభుత్వం ఇంకో రకంగా రాసింది. సాక్షి లేని చోట ఇద్దరూ నిజమే చెప్తారు. నేను బడిలో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాయిన బొటనవేలే కళ్ల ముందుకు వచ్చేది.

పశువుల అంగడిలో దళారులు తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. పక్కన నిలబడ్డ రైతుకు తన ఎద్దు ధరే తెలియదు. కళ్లంలో ఆ వీలు లేదు. గోడ లేదు, తలుపు లేదు, వచ్చేపోయేవాళ్లు ఆగి వింటారు. లండన్ నుంచి వచ్చినవాడు తన సెక్రటరీ చెవిలో ఏదైనా చెప్పబోతే, ఎదురుగా పసుపు ఎగదోస్తున్న అమ్మ "గట్టిగ చెప్పు సారూ" అంటుంది. అనాలి కూడా. ఆమెకు ఆ హక్కు ఉందని మొదటి రోజే మైకులో ప్రకటించండి.

చెయ్యి అడుగుదాకా పోవాలి

నిజామాబాద్ యార్డులో ఖరీదుదారు కుప్ప దగ్గరికి వచ్చి పైనున్న కొమ్ములను చూడడు. మోచేయి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. ఒక కొమ్మును పుటుక్కున విరుస్తాడు. లోపల నారింజ రంగు మెరిస్తే ఒక ధర, పాలిపోయి ఉంటే ఒక ధర, తేమ తగిలితే తూకంలో కడ్తా. రైతు ఆ చేతి వంకే చూస్తూ ఉంటాడు, ఊపిరి బిగబట్టి. విచారణ కూడా అట్లాగే అడుగు నుంచి మొదలు కావాలి.

1926లో వైస్రాయ్ కుదరదన్న ఉత్తరం దగ్గర మొదలుపెట్టే పండితులు కుప్ప పైపొర చూస్తున్నారు. అడుగున ఉన్నది ఒక సైన్యం ఖర్చు. ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న 1800 ఒప్పందం ప్రకారం యుద్ధం వస్తే నిజాం 6,000 కాల్బలం, 9,000 గుర్రపు దళం ఇవ్వాలి. యుద్ధం వస్తేనే. కానీ ఇంగ్లీషు అధికారుల కింద ఒక దళం శాంతికాలంలో కూడా మేపాల్సి వచ్చింది. బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ పేరు మీద మొదట దాన్ని రస్సెల్ బ్రిగేడ్ అన్నారు, తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అన్నారు. దాని జీతాలు కట్టడానికి చందూలాల్ పేష్కారుగా ఉన్న కాలంలో నిజాం ప్రభుత్వం పామర్ కంపెనీ దగ్గర అధిక వడ్డీకి అప్పు తెచ్చింది. ఆ కంపెనీలో భాగస్తుడు రంబోల్డ్, అప్పటి గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన అమ్మాయి భర్త. పెట్టమన్నది వాళ్లే, ఖర్చు రాసింది వాళ్లే, అప్పిచ్చిన దుకాణంలోనూ వాళ్ల చుట్టమే.

ఆ దళం జీతాల పేరిట పెరిగిన బాకీ కింద 1853 మే 21న నిజాం నాసిరుద్దౌలా చేత గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒప్పందం చేయించాడు. బేరార్, రాయచూర్ అంతర్వేది, నల్దుర్గ్ వైపు జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. దివాన్ సిరాజుల్ ముల్క్ కొద్ది రోజులకే చనిపోయాడు. ఆయన కుర్చీలో 24 ఏళ్ల సాలార్‌జంగ్ కూర్చున్నాడు. సికింద్రాబాద్, జాల్నా కంటోన్మెంట్లలో సారా ఆదాయం ఏళ్ల తరబడి ఇంగ్లీషువాళ్లే తీసుకున్నారని, దాన్ని బాకీలో కొట్టేస్తే మిగిలేది ఏమీ ఉండదని హైదరాబాద్ వాదం. ఈ మాటను తర్వాత రెసిడెంట్‌గా వచ్చిన కల్నల్ డేవిడ్‌సన్ కూడా తన రాతలో ఒప్పుకున్నాడు: నిష్పక్షపాతంగా లెక్క చూస్తే మనకు రావాల్సింది లేదు అనే అర్థంలో. 1857లో హైదరాబాద్ ఇంగ్లీషువాళ్ల వైపు నిలబడినందుకు 1860లో 50 లక్షల బాకీ రద్దు చేశారు, రాయచూర్ వెనక్కిచ్చారు. బాకీయే రద్దయితే తాకట్టు ఎందుకు మిగిలింది? బేరార్‌ను ఎందుకు ఉంచుకున్నారు? మరుసటి ఏడాదే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి మాంచెస్టర్ మిల్లులకు పత్తి దొరకని రోజులు మొదలయ్యాయని గుర్తు తెచ్చుకోండి, జవాబు దగ్గర్లోనే ఉంటుంది.

విచారణకు ఒకే ప్రశ్న పెట్టమంటాను. 1853 మే నెలలో బాకీ ఉన్నదా, లేదా? సార్వభౌమాధికారం, పరమాధిపత్యం, ఒప్పందాల వ్యాఖ్యానం, ఇవేవీ ఎత్తనీయొద్దు. ఆ మాటలు వచ్చిన ప్రతిసారీ లెక్క పక్కకు పోయింది.

తటస్థులు వద్దు

ఇది వింటే న్యాయం చదివినవాళ్లు చెవులు మూసుకుంటారు. తటస్థుడైన న్యాయమూర్తి కోసం వెతకకండి. దొరకడు. దొరికినవాడు తటస్థుడు కాదు, విషయం తెలియనివాడు.

1904లో జపాన్‌తో యుద్ధానికి పోతున్న రష్యా నౌకాదళం ఉత్తర సముద్రంలో హల్ రేవు చేపల పడవలను శత్రువులనుకుని కాల్చింది. బ్రిటన్, రష్యా యుద్ధం అంచుకు వచ్చి, చివరికి పారిస్‌లో అంతర్జాతీయ విచారణ సంఘానికి ఒప్పుకున్నాయి. ఐదుగురు అడ్మిరల్స్ కూర్చున్నారు. అందులో ఒకడు బ్రిటన్‌వాడే, ఒకడు రష్యావాడే. మిగతా ముగ్గురు ఫ్రాన్స్, అమెరికా, ఆస్ట్రియా-హంగరీ నుంచి. 1905 ఫిబ్రవరికల్లా నివేదిక వచ్చింది, రష్యా పరిహారం కట్టింది. అంతకుముందు 1872లో అలబామా ఓడ తగాదాలో జెనీవా మధ్యవర్తుల మాట విని బ్రిటన్ అమెరికాకు కోటి 55 లక్షల డాలర్లు కట్టింది. చేపలవాళ్ల పడవలకు విచారణ ఉంది, ఓడకు మధ్యవర్తిత్వం ఉంది, బేరార్‌కు లేదు. ఎదుట నిలబడ్డవాడికి నౌకాదళం ఉందా లేదా అన్నదే తేడా. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ పారిస్ సంఘం నుంచి నేను నేర్చుకున్నది ఇది: సముద్రం మీద గొడవకు సముద్రం తెలిసినవాళ్లు కూర్చున్నారు. లెక్క గొడవకు లెక్క రాసేవాళ్లు కూర్చోవాలి. నా ఐదుగురు వీళ్లు: యార్డులో అడ్తి దుకాణంలో పద్దులు రాసే గుమాస్తా, కాంటా మీద ముప్పై ఏళ్లు నిలబడ్డ హమాలీ, యవత్మాల్ వైపు నుంచి ఒక పత్తి రైతు, పాత పహాణీలు చదవగల రిటైర్డ్ పట్వారీ, దుబాయిలో పనిచేసి జీతం ఎగ్గొట్టించుకుని వచ్చిన మా ఊరి మనిషి ఒకడు. చివరివాడు ఎందుకంటే, చదవరాని భాషలో సంతకం పెట్టడం అంటే ఏమిటో అతనికి తెలిసినట్టు ఏ జడ్జికీ తెలియదు. లాయర్లను ఊరి పొలిమేరలోనే ఆపండి. 1923 అక్టోబర్‌లో ఏడో నిజాం వైస్రాయ్ రీడింగ్‌కు ఉత్తరం రాసి, సర్ అలీ ఇమామ్ లాంటి దిట్టమైన లాయర్ను పెట్టుకుని వాదించాడు. ఏమైంది? 1925లో కాదన్నారు. కనీసం ఒక కమిషన్ వేయండి అని మళ్లీ రాస్తే, 1926 మార్చి 27న జవాబు వచ్చింది: ఇండియాలో బ్రిటిష్ రాజ్యాధికారమే అత్యున్నతం, ఏ సంస్థానాధిపతీ సమానుడిగా నిలబడి మాట్లాడలేడు, ఇది ఇదివరకే తేలిపోయిన విషయం. తేల్చింది ఎవరు? వాళ్లే.

జమానత్

మా దగ్గర పంచాయితీ మొదలయ్యే ముందు రెండు పక్షాల దగ్గరా జమానత్ కట్టించుకుంటారు. తీర్పు వినకుండా లేచిపోయినవాడి డబ్బు పోతుంది. బ్రిటన్ 25 లక్షలు కట్టాలి, ఒక ఏడాది కౌలు. నాణెం విలువ పెరిగిందీ తగ్గిందీ లెక్కలు చేయొద్దు. ముప్పై మూడేళ్లకు పైగా, తర్వాత 1936 ఒప్పందంలో కూడా, వాళ్లు అదే 25 లక్షలు ఇస్తూ వచ్చారు. వాళ్ల అంకెనే వాళ్ల ముందు పెట్టండి.

హైదరాబాద్ తరఫున ఎవరు కట్టాలి? నిజాం వారసులను అడగకండి. వాళ్లు ఒకరు కాదు, వంద మందికి పైగా. 1948 సెప్టెంబర్‌లో లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారిన 10,07,940 పౌండ్ల కోసం వాళ్లు పడ్డ తిప్పలు చాలు. 1957లో సార్వభౌమ రక్షణ పేరుతో ఆగిన ఆ కేసు 2019 అక్టోబర్‌లో గానీ తేలలేదు, అప్పటికి ఆ సొమ్ము మూడున్నర కోట్ల పౌండ్లయింది. అందుకని మన జమానత్ పసుపు బస్తాల్లో కడదాం. నావి పది బస్తాలు. పాలిష్ చేసిన కొమ్ము, మండ కలపనిది. మా ఊరి నుంచి తలా ఒక బస్తా వస్తే కుప్ప అవుతుంది, ఆ కుప్ప మధ్యలో ఉండగానే విచారణ జరుగుతుంది.

చాప మీద మూడో వరుస

ఇంతవరకూ రెండు పక్షాలు అన్నాను. తప్పు నాదే. మూడో పక్షం ఉంది. 1853లో, 1860లో, 1902లో, 1936లో, నాలుగుసార్లు బేరార్ మీద కాగితం రాసుకున్నారు. ఒక్కసారీ బేరార్ మనిషిని అడగలేదు. నిజాం మాకివ్వండి అన్నాడు, ఇంగ్లీషువాడు మాదే అన్నాడు. నిజాం పెద్దకొడుకుకు 'ప్రిన్స్ ఆఫ్ బేరార్' అని బిరుదు వచ్చింది, బేరార్‌లో పత్తి ఏరే మనిషికి ఏం వచ్చింది? నిజాం నిర్దోషి అని నేను ఈ విచారణ పెట్టడం లేదు. ఇవతలి ఒడ్డున వెట్టి చేసిన మా తాతలకు ఆ దొరతనం ఏమిటో తెలుసు. కంటింజెంట్ జీతం ఏ పన్నులోంచి పోయిందో, ఆ పన్ను ఎవరి గాదెలోంచి పోయిందో నిజాం వైపు కూడా చెప్పాలి. అందుకని మొదటి రోజు మాట్లాడే హక్కు మూడో వరుసది. అమరావతి నుంచి, అకోలా నుంచి, పెన్‌గంగ ఒడ్డు పల్లెల నుంచి వచ్చినవాళ్లది. వాళ్లు మరాఠీలో మాట్లాడతారు, కొందరు మన తెలుగులోనే మాట్లాడతారు. ఎంతసేపు మాట్లాడినా గడియారం చూపించకండి.

గడువు అసలే పెట్టకండి. 1947 నవంబర్ 29న ఇండియా, హైదరాబాద్ చేసుకున్న యథాతథ ఒప్పందంలో చక్కటి అధికరణం ఒకటి ఉంది: తగాదా వస్తే ఇటు ఒకరు, అటు ఒకరు మధ్యవర్తులు, వాళ్లిద్దరూ కలిసి ఎన్నుకున్న అంపైర్ ఇంకొకరు. ఒప్పందం కాలం ఒక్క ఏడాది. ఆ ఏడాదిలో మధ్యవర్తులు ఒక్కసారీ కూర్చోలేదు. ఇండియా మీద హైదరాబాద్ ఫిర్యాదు 1948 ఆగస్టు 21న భద్రతామండలికి పోయింది. సెప్టెంబర్ 16న పారిస్‌లో అజెండాకు ఎక్కింది. ఇండియా తరఫున మాట్లాడినవాడు కర్నూలులో పుట్టిన రామస్వామి మొదలియార్, ఆ రోజు అధ్యక్ష స్థానంలో ఉన్నవాడు బ్రిటన్‌కు చెందిన కడోగన్. మరునాడే హైదరాబాద్ సైన్యం భారత సైన్యానికి లొంగిపోయింది. గడియారాలు నడిపిన విచారణలు ఇట్లాగే ముగుస్తాయి. మా విచారణ పసుపు ఆరేదాకా నడుస్తుంది. ఆరకపోతే మళ్లీ ఏడాది.

నివేదిక

రాసిన కాగితం పెట్టెలో పెట్టకండి. హైదరాబాద్ సంస్థానంలో 1948 చివర్లో జరిగిన హింస మీద పండిట్ సుందర్‌లాల్ బృందం తిరిగి రాసిన నివేదిక దశాబ్దాలు బయటికి రాలేదు. చచ్చిపోయినవాళ్ల పిల్లలు ముసలివాళ్లయ్యారు. మన నివేదికను ఐదుగురూ కళ్లంలోనే, పొద్దున పూట, గట్టిగా చదవాలి. తెలుగులో, మరాఠీలో, ఉర్దూలో, చివర ఇంగ్లీషులో. చదవడం మా బడి పిల్లలకు నేర్పిస్తున్నాను. హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌లో ఉన్న ఫార్సీ ఫర్మానాలకు, లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీస్ కాగితాలకు నకళ్లు తెప్పించాలి. నిపుణులకు ఇవ్వకండి, నేరుగా పిల్లల చేతికి ఇవ్వండి. నిపుణుడు మొదట తనకు కావాల్సిన వాక్యం వెతుకుతాడు. పిల్లవాడు మొదటి వరుస నుంచి చదువుతాడు.

వచ్చేవాళ్లు ఆర్మూర్‌లో దిగి మోర్తాడ్ మీదుగా రండి. పడుకోవడానికి బడి గదులు ఉన్నాయి. పగలు జొన్నరొట్టె, రాత్రి అన్నం, అందరూ ఒకే బంతిలో. ఖాళీ కుర్చీ ఒకటి మా ఇంటి నుంచి తెస్తాను, మా నాయినది. నైలాన్ పట్టీ ఒకటి తెగింది. ఆలోపు అల్లిస్తాను.